అప్‌గ్రేడ్ తర్వాత వీఎం (వర్చువల్ మెషీన్)లో జూన్ నుంచి డేటా లేదు, బ్యాకప్‌లోనూ లేదు. సాయం కావాలి

ఆదోని_సిస్టమ్స్:
కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపేది) తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి అన్నా. ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్లు నేనే చూస్తాను. ఉబుంటు 20.04 (లినక్స్) సర్వర్ మీద ఒకటే విండోస్ వీఎం, కాటా బిల్లింగ్, రైతుల పేమెంట్లు అన్నీ అందులోని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోనే. మొన్న వెండర్ తరఫున వచ్చినతను 22.04 కొత్తగా ఎక్కించి, వీఎం డిస్కులున్న డ్రైవ్ ముట్టుకోకుండా, ఎప్పుడో మొదట్లో దాచిపెట్టిన ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌తో (వీఎం సెట్టింగులు ఉండేది) వీఎంను మళ్ళీ డిఫైన్ చేసి వెళ్ళిపోయాడు. వీఎం లేచింది, లాగిన్ అయింది, తీరా చూస్తే లెడ్జర్ జూన్ మధ్యలో ఆగిపోయి ఉంది. ఈ సీజన్ కొనుగోళ్ళు ఒక్కటీ లేవు. నాస్‌లోకి (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో వెళ్ళే బ్యాకప్ ఉంది కదా అని పోయిన వారానిది తెరిస్తే అందులోనూ జూనే! పైగా పొద్దున వచ్చిన బండ్లకు గుమాస్తాలు ఈ పాత లెడ్జర్‌లోనే కొన్ని బిల్లులు కొట్టేశారు. రైతులు చీటీలు పట్టుకుని ఆఫీసు ముందు నిలబడ్డారు, చాలా టెన్షన్‌గా ఉంది.

కర్నూలు_రూట్:
ముందు ఆ వీఎం షట్‌డౌన్ చెయ్యండి, మిగతా మాటలు తర్వాత. మళ్ళీ ఆన్ చెయ్యొద్దు, ఏ ఫైలూ డిలీట్ చెయ్యొద్దు, ముఖ్యంగా ‘ఇదేదో పాత ఫైల్‌లా ఉందే’ అనిపించేదాన్ని.

మీ డేటా పోలేదనే నా నమ్మకం. డేటా నిజంగా పాడైతే ఇలా ఒక తేదీ దగ్గర కోసినట్టు ఆగదు. జూన్‌లో ఎవరో స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఉన్నదాన్ని అలాగే నిలిపి ఉంచడం) తీసి ఉంటారు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు ముందు చాలామంది తీస్తారు, తర్వాత దాన్ని అసలు డిస్క్‌లో కలపడం మరచిపోతారు. ఎక్స్‌టర్నల్ స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్క్ ఫైల్‌లోకి ఏదీ రాయబడదు, కొత్త రాతలన్నీ పక్కన పుట్టిన ఓవర్‌లే ఫైల్‌లోకి పోతాయి. పాత ఎక్స్‌ఎంఎల్‌కు ఆ ఓవర్‌లే సంగతి తెలియదు, నేరుగా అసలు ఫైల్‌నే తెరిచింది. ఆ ఫోల్డర్‌లో డిస్క్ పేరే ఉండి చివర వేరే తోక ఉన్న ఫైల్ ఉందేమో, దాని తేదీ అప్‌గ్రేడ్ రోజుదేనా చూడండి. దాని మీద క్యూఈఎంయూ-ఐఎంజీ (వీఎం డిస్క్ ఫైళ్ళ టూల్) ఇన్ఫో కమాండ్‌ను బ్యాకింగ్-చెయిన్ ఆప్షన్‌తో నడిపితే దేని మీద ఆధారపడిందో చూపిస్తుంది.

అనంత_స్టోరేజ్:
పై అన్న చెప్పిందే కరెక్ట్ అనుకుంటున్నా. డిస్క్ క్యాష్ అన్‌సేఫ్‌లో (రాతలు డిస్క్‌కు చేరాయన్న హామీ లేని సెట్టింగ్) ఉండి సర్వర్ ఠక్కున ఆగితే కూడా కొత్త డేటా పోతుంది గానీ, అప్పుడు పోయేది చివర్లో రాసినది, ఇలా నెలలు కాదు.

ఒక్క చిక్కుంది. పొద్దున ఆ అసలు డిస్క్‌ను బూట్ చేసి బిల్లులు కొట్టారు కదా, అంటే అది మారిపోయింది. ఓవర్‌లేలో ఉండేది జూన్ తర్వాత మారిన ముక్కలు మాత్రమే, మిగతాదంతా కింది ఫైల్ నుంచే చదువుతుంది. మారిన బేస్ (కింద ఉండే అసలు ఫైల్) మీద దాన్ని పెడితే రెండు కాలాల డేటా కలగలిసి డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు, లేదా తెరుచుకుని తప్పుడు లెక్కలు చూపించవచ్చు. రెండోది ఇంకా ప్రమాదం.

కానీ మీరు దండగ అనుకున్న నాస్ బ్యాకప్ ఉంది చూశారా, మీ మిల్లును కాపాడేది అదే. ఆ ఆర్‌సింక్ అసలు ఫైల్ ఒక్కదాన్నే కాపీ చేస్తోంది, ఆ ఫైలేమో జూన్ నుంచి కదల్లేదు, అందుకే ఏ రోజుది తెరిచినా జూనే. అంటే ఎవరి చెయ్యీ పడని బేస్ మీ దగ్గర ఉన్నట్టే. అప్‌గ్రేడ్‌కు ముందువి రెండు వేర్వేరు రాత్రుల కాపీలు తీసి ఎస్‌హెచ్‌ఏ256 సమ్ (ఫైల్‌లో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తు) పోల్చండి. రెండూ ఒకటే వస్తే ఇక అనుమానం లేదు. ఈ రాత్రి ఆర్‌సింక్ మాత్రం ఇప్పుడే ఆపండి, లేకపోతే మారిన డిస్క్ నాస్‌లోకి పోతుంది.

కర్నూలు_రూట్:
అబ్బ, నాస్ సంగతి భలే పట్టుకున్నారు. అయితే ఇలా చెయ్యండి. నాస్‌లోని బేస్‌ను, ఓవర్‌లేను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, పనంతా ఆ కాపీల మీదే. కాపీ చేసిన ఓవర్‌లేకు రీబేస్ కమాండ్ ‘-యు’ తో ఇచ్చి కొత్త బేస్ దారి చూపించండి. అది హెడర్‌లో దారి మారుస్తుందంతే, డేటాను కదపదు, సరైన బేస్ ఇచ్చామా లేదా అన్నదీ చూడదు, అందుకే ఆ సమ్ ముందే చూసుకోవాలి. బేస్ ఫార్మాట్ క్యూకౌ2 (వీఎం డిస్క్ ఫైల్ రకం) అని కూడా చెప్పండి. తర్వాత చెక్ కమాండ్, అది బాగుంటే కన్వర్ట్‌తో రెండూ కలిపి ఒకే కొత్త ఫైల్ చేసేయండి. దాన్ని నెట్‌వర్క్ లేకుండా బూట్ చేసి ఎస్‌క్యూఎల్‌లో డీబీసీసీ చెక్‌డీబీ (డేటాబేస్‌లో తప్పులు వెతికే కమాండ్) నడిపాకే గుమాస్తాలకు ఇవ్వండి.

ఆదోని_సిస్టమ్స్:
అన్నలూ, వచ్చేసింది! ఓవర్‌లే అక్కడే ఉంది, చివరి తేదీ వెండర్ వచ్చిన రోజుదే. నాస్ కాపీల సమ్‌లు అక్షరం తేడా లేకుండా కలిశాయి. కన్వర్ట్‌కు చాలాసేపు పట్టింది గానీ చెక్‌డీబీలో ఒక్క ఎర్రరూ రాలేదు, అప్‌గ్రేడ్ ముందు సాయంత్రం కొట్టిన చివరి కాటా బిల్లు దాకా ఉంది. సేటు గారు స్వయంగా వచ్చి రైతుల బాకీలు చూసుకుని వెళ్ళారు. పాత లెడ్జర్‌లో కొట్టిన బిల్లులు మాత్రం ఏం చేయమంటారు? నంబర్లు జూన్ బిల్లులతో ఢీకొంటున్నాయి.

అనంత_స్టోరేజ్:
వాటిని డేటాబేస్ నుంచి డేటాబేస్‌కు ఎక్కించే పని పెట్టుకోకండి. చేతిలో కాటా చీటీలు ఉన్నాయి కాబట్టి కొత్త నంబర్లతో మళ్ళీ కొట్టించండి, బేళ్ళ లారీలకు ఈ-వే బిల్లులు తీసి ఉంటే పోర్టల్‌లో ఎలాగూ ఉంటాయి, సరిచూసుకోవచ్చు. రైతుల దగ్గర పాత నంబరు చీటీ ఉంటే దాని మీదే కొత్త నంబరు రాసి సంతకం పెట్టివ్వండి, రేపు పేమెంట్ దగ్గర వాళ్ళను తిప్పుకోకుండా ఉంటుంది. మారిన ఆ అసలు డిస్క్‌ను సీజన్ అయ్యేదాకా అలాగే ఉంచండి. బ్యాకప్ స్క్రిప్ట్‌లో ఫైల్ పేరు నేరుగా రాసింది తీసేసి, వీఎం ఇప్పుడు ఏ ఫైల్ వాడుతోందో విర్ష్‌నే (వీఎంలను చూసుకునే కమాండ్) అడిగి, ఆ చెయిన్ మొత్తం కాపీ అయ్యేలా మార్చండి.