టాపెట్ సౌండ్: హైడ్రాలిక్ లిఫ్టర్లకీ మెకానికల్ వాటికీ అసలు తేడా ఏంటి?

ఖమ్మం_డీజిల్:
అందరికీ నమస్తే. నాది 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ ఉన్న 2013 స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, రీడింగ్ లక్షా నలభై వేలు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైనుంచి టిక్ టిక్ అని సౌండ్ వస్తోంది, ముందు రెండు మూడు సెకన్లకే ఆగిపోయేది, ఇప్పుడు ఇంజిన్ వేడెక్కేదాకా ఉంటోంది, రేస్ ఇస్తే అది కూడా స్పీడ్ అవుతోంది. ఇక్కడ ఒక మెకానిక్ హైడ్రాలిక్ లిఫ్టర్లు పోయాయి, పదహారూ మార్చాల్సిందే అన్నాడు, ఇంకొకాయనేమో చిక్కటి ఆయిల్ పోయిస్తే అదే పోతుంది అన్నాడు. మా బావది హోండా సిటీ పెట్రోల్, ఆయనకి సర్వీస్‌లో వాల్వ్ క్లియరెన్స్ చెక్ చేయించమని చెప్తుంటారు, నా బండికి ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అసలు ఈ రెండు రకాలకీ తేడా ఏంటి, ఏది మంచిది, నేనిప్పుడు ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_పానా:
తమ్ముడూ, లిఫ్టర్ల కోసం ఇప్పుడే డబ్బులు తీయకు. మీ బావ బండిలో వచ్చినా నీ బండిలో వచ్చినా ఆ టిక్ టిక్ చెవికి ఒకేలా ఉంటుంది కానీ కారణాలు వేరు, అది చూడకుండా జనం హెడ్డులు విప్పించేసుకుంటున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాస్త పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

క్యామ్ (ఒకపక్క ఉబ్బుగా ఉండే కడ్డీ) తిరుగుతూ వాల్వ్‌ని నొక్కి తెరుస్తుంది, స్ప్రింగ్ దాన్ని మూస్తుంది. ఆ మధ్యలో ఉండి నొక్కుడు అందించే ముక్కనే టాపెట్ అనో లిఫ్టర్ అనో అంటారు. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ కాడ పొడుగు సాగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే ఏడొందల డిగ్రీల దాకా కాగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సందు లేకుండా బిగించేశామనుకో, వేడి మీద అది పూర్తిగా మూసుకోదు. అందుకని మెకానికల్ టాపెట్‌లో కావాలనే కొంచెం గ్యాప్ వదులుతారు, చాలా పెట్రోల్ కార్లలో ఇన్‌టేక్‌కి 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఎంతో కొంత, ఎగ్జాస్ట్‌కి అంతకంటే కాస్త ఎక్కువ. ఆ గ్యాప్ వల్లే రాకర్ (క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఊగే చిన్న చేయి) ప్రతిసారీ వాల్వ్‌కి చిన్నగా తగులుతుంది, ఆ మాత్రం సౌండ్ ఆ ఇంజిన్‌కి సహజం.

మీ బావ సిటీలో రాకర్ చివర స్క్రూ, దానికి లాక్ నట్ ఉంటాయి. ఇంజిన్ బాగా చల్లారాకే ముట్టుకోవాలి, హోండా వాళ్లయితే హెడ్ 38 డిగ్రీల కంటే తక్కువ ఉండాలంటారు. ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చుకుని, ఫీలర్ గేజ్ బిళ్ల (ఇంత మందం అని కొలిచి చేసిన పల్చటి రేకు) దూర్చి, స్క్రూ తిప్పుతూ బిళ్ల లాగితే లైట్‌గా పట్టుకున్నట్టు ఉండాలి. తర్వాత స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించి మళ్లీ బిళ్ల దూర్చి చూడాలి, ఎందుకంటే నట్ బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా కొలత మారిపోతుంది. చాలామంది ఈ రెండోసారి చూడటం ఎగ్గొడతారు. అన్నిట్లో స్క్రూ ఉండదు కూడా, మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలో క్యామ్ నేరుగా బకెట్ (వాల్వ్ మీద బోర్లించిన చిన్న గిన్నె లాంటి ముక్క) మీదే నొక్కుతుంది, గ్యాప్ మారితే సరిపడా మందం ఉన్న బకెట్ తెచ్చి మార్చాలి, దానికి క్యామ్ ఎత్తక తప్పదు.

ఇక నీ బండి సంగతి. అందులో ప్రతి రోలర్ రాకర్‌కీ ఒక చివర కింద వేలంత హైడ్రాలిక్ ముక్క కూర్చుని ఉంటుంది. లోపల ఒక ప్లంజర్, చిన్న స్ప్రింగ్, ఒక గుండు. ఆ గుండు బోరు మోటార్ ఫుట్ వాల్వ్ లాంటిది, ఆయిల్‌ని లోపలికి రానిస్తుంది కానీ వెనక్కి పోనివ్వదు. వాల్వ్ మూసుకుని ఉన్నంతసేపు ఆయిల్ ప్రెజర్, స్ప్రింగ్ కలిసి ప్లంజర్‌ని పైకి జరిపి గ్యాప్ లేకుండా చేస్తాయి, క్యామ్ నొక్కగానే గుండు మూసుకుంటుంది, లోపల ఇరుక్కున్న ఆయిల్ నలగదు కాబట్టి అది గట్టి ఇనప కడ్డీలా పనిచేస్తుంది. నొక్కినప్పుడల్లా ప్లంజర్ పక్కనుంచి ఆయిల్ ఏ కొంచెమో బయటికి జారుతుంది, మళ్లీ నిండుతుంది, వాల్వ్ సాగినా అరిగినా దాని లెక్క అదే చూసుకుంటుంది. అందుకే నీ బండికి టాపెట్ సెట్టింగ్ అనే పనే లేదు, ఎవరూ అడగరు.

కానీ దాని ప్రాణమంతా ఆయిల్‌లోనే ఉంది. ఆయిల్ తక్కువైనా, మడ్డి పట్టి ఆ సన్న దారులు మూసుకున్నా, ఆయిల్‌లో గాలి కలిసినా లిఫ్టర్ మెత్తబడిపోతుంది, టిక్ టిక్ మొదలవుతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున్న రెండు మూడు సెకన్లు కొట్టుకుంటే పట్టించుకోనక్కర్లేదు, వేడెక్కేదాకా ఉంటోందంటే మాత్రం ముందు ఆయిల్ మీదే అనుమానపడాలి. చిక్కటి ఆయిల్ పోయమన్నాయన మాట వినొద్దు, చల్లని ఇంజిన్‌లో అది లిఫ్టర్ దాకా ఎక్కడానికే ఇంకా టైమ్ పడుతుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాసుంటే అదే.

ఖమ్మం_డీజిల్:
అన్నా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే హైడ్రాలికే మంచిది కదా, సెట్టింగ్ గొడవ లేదు, సౌండ్ లేదు, మరి హోండా వాళ్లు స్క్రూ ఎందుకు పెడతారు?

మిషిగన్_మనోడు:
హాయ్ బ్రో. ఈ హైడ్రాలిక్ లిఫ్టర్ సౌండ్ తగ్గించడానికి పుట్టిన ఐటమే. 1930లో క్యాడిలాక్ వి16లో పెట్టారు, పదహారు సిలిండర్ల లగ్జరీ కారు కొన్నాయనకి బానెట్ కింద టకటక వినపడకూడదని. తర్వాత ఇక్కడ అమెరికాలో చాలా వి8లలో మామూలైపోయింది.

స్క్రూ ఎందుకంటే, ఎక్కువ ఆర్పీఎం దగ్గర స్ప్రింగ్ అందుకోలేక వాల్వ్ ఒక క్షణం గాల్లో తేలితే హైడ్రాలిక్ లిఫ్టర్ అయ్యో సందు వచ్చిందే అనుకుని ఆయిల్‌తో ఉబ్బుతుంది, తర్వాత వాల్వ్ పూర్తిగా మూసుకోదు, పవర్ పడిపోతుంది. సాలిడ్ టాపెట్‌కి, అంటే మెకానికల్ దానికి, ఆ గోల లేదు, బరువు తక్కువ, కట్టడం తేలిక, ఖర్చూ తక్కువ. 9000 ఆర్పీఎం దాకా తిరిగిన హోండా ఎస్2000 ఇంజిన్‌లో కూడా స్క్రూలే. ఇప్పుడొచ్చే హైడ్రాలిక్‌లలో ముక్క కదలకుండా ఒకచోటే కూర్చుంటుంది, రోలర్ రాకర్ మాత్రమే ఊగుతుంది కాబట్టి రోడ్డు మీద తిప్పే స్పీడుకి ఆ ఇబ్బంది కనపడదు, డీజిల్ అయితే అసలు అంత తిరగనే తిరగదు.

ఇంకో సంగతి, ఇక్కడ పాత చెవీ (షెవర్లే) స్మాల్ బ్లాక్ వి8 ఇంజిన్లకి హైడ్రాలిక్ అయినా ఒకసారి సెట్ చేయాలి. లిఫ్టర్ నుంచి రాకర్ దాకా ఉండే పుష్‌రాడ్ అనే కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని ఆడిస్తూ రాకర్ నట్ బిగిస్తుంటే ఒకచోట దాని లూజు పోతుంది, అది జీరో, అక్కడి నుంచి ఇంకో అర చుట్టు లేదా ఒక చుట్టు బిగిస్తారు, అంటే ప్లంజర్‌ని కొంచెం లోపలికి నొక్కి ఉంచడం అన్నమాట. అక్కడ ఫీలర్ గేజ్‌కి పనే లేదు.

గ్యాస్‌బండి_నిజామాబాద్:
అన్నలందరు సౌండ్ గురించే మాట్లాడుతున్రు, నేను సౌండ్ రాకపోవుడు గురించి చెప్త, గిది శానమందికి ఎర్కలేదు. నాకాడ పాత మారుతి 800 ఉండె, ఎల్‌పీజీ కిట్ ఏసి మస్తు తిప్పిన. టాపెట్ సౌండ్ అసలే లేకుండె, ఇంజిన్ మంచిగుంది అనుకున్నం. తర్వాత పొద్దుగాల స్టార్ట్ కావుడు కష్టమైంది, ఐడిల్ మీద బండి ఊగుడు, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే దమ్ము లేదు. హెడ్ కవర్ తీసి చూస్తే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్‌ల అన్నిటికన్న పల్చని బిళ్ల గూడ దూరుతలేదు, గ్యాప్ మొత్తం పోయింది.

గట్లెందుకు అయితదంటే గ్యాస్ మీద వాల్వ్ సీటు, అంటే వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే జాగ, జల్ది అరుగుతది, వాల్వ్ లోపల్కి దిగుతది, దిగినకొద్ది కాడ పైకొచ్చి గ్యాప్ తింటది. వాల్వ్ తన వేడిని సీటుకు ఆనినప్పుడే దించుకుంటది, ఆనకపోతే అంచు కాలిపోతది. టకటక కొట్టే టాపెట్‌తోని నష్టం తక్కువ, సప్పుడు లేకుండ టైట్ అయినదే హెడ్డు పని జేపిస్తది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ తిప్పేటోళ్లు మెకానికల్ టాపెట్ ఉంటే సౌండ్ కోసం ఎదురుచూడకుండ కంపెనీ చెప్పిన కిలోమీటర్లకి గ్యాప్ చెక్ చేపియ్యాలె. చేతులు పట్టుకొని చెప్తున్న, గిది అశ్రద్ధ చెయ్యకుండ్రి.

ఆటోనగర్_పానా:
నిజామాబాద్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గరకొచ్చే గ్యాస్ బళ్లలో కూడా గ్యాప్ పెరిగినవాటికంటే తగ్గినవే ఎక్కువ. హైడ్రాలిక్ అయితే సీటు అరిగినకొద్దీ ప్లంజర్ కిందకి సర్దుకుంటుంది, అది కూడా దాని దారి ఉన్నంతవరకే, అడుక్కి తగిలాక దాని చేతిలో కూడా ఏం లేదు.

ఖమ్మం తమ్ముడూ, బండిని సమానంగా ఉన్నచోట పెట్టి, ఆగిన పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి తీసి ఆయిల్ ఎక్కడుందో చెప్పు.

ఖమ్మం_డీజిల్:
అన్నా ఇప్పుడే చూశా. తక్కువ లేదు, పై గీత దాటి ఇంకో వేలెడు పైన ఉంది! కొన్నాక నేనైతే ఆయిల్ పోయించలేదు, పాత ఓనర్ సర్వీస్ చేయించే ఇచ్చానన్నాడు. ఎక్కువుంటే మంచిదే కదా?

ఆటోనగర్_పానా:
అస్సలు కాదు. అంత ఎక్కువుంటే క్రాంక్ తిరిగేటప్పుడు ఆయిల్‌కి తగిలి చిలికేస్తుంది, నురగ వస్తుంది, పంపు ఆ నురగనే పైకి తోస్తుంది. లిఫ్టర్ లోపలికి గాలి బుడగలు వెళ్తే ఆయిల్‌లా గట్టిగా నిలబడదు, గాలి నలుగుతుంది, అప్పుడు టిక్ టిక్. నీ కేసులో నాకైతే అదే అనిపిస్తోంది. పైగా దాంట్లో ఏ ఆయిల్ పోశారో కూడా తెలీదు కాబట్టి కొంచెం తీసి సరిపెట్టకుండా మొత్తం డ్రెయిన్ చేయించు, మంచి ఫిల్టర్ వేయించు, మాన్యువల్ గ్రేడే రెండు గీతల మధ్య దాకా పోయించి, దగ్గరుండి చూడు.

తర్వాత ఐడిల్ మీద పెట్టి వినకుండా హైవే మీద ఒక అరగంట పోనివ్వు, లిఫ్టర్లలో గాలి పోవడానికి కాస్త ఆర్పీఎం కావాలి. ఒక్క ట్రిప్పుకే తగ్గకపోయినా కంగారు పడకు, కొన్ని రోజులు తిప్పి చూడు. ఇంజిన్ ఫుల్ వేడి మీద కూడా సౌండ్ అలాగే ఉంటే ఆయిల్ ప్రెజర్ గేజ్ పెట్టించి చూపించు. అలాగే పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి మొన ఒక్కో ఇంజెక్టర్ దగ్గర పెట్టి వినమను, డీజిల్ ఇంజెక్టర్ సౌండ్‌ని టాపెట్ అనుకునేవాళ్లు చాలామంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా అచ్చం ఇలాగే కొట్టి వేడెక్కాక తగ్గుతుంది. ప్రెజర్ కరెక్ట్‌గా ఉండి, ఇంజెక్టర్లూ గ్యాస్కెట్టూ బాగుండి, అప్పటికీ కొడుతుంటేనే లిఫ్టర్ల జోలికి వెళ్లాలి. ఈ ఇంజిన్‌లో వాటిని తీయాలంటే క్యామ్‌షాఫ్టులున్న పై భాగం మొత్తం ఎత్తాలి, టైమింగ్ చైన్ కదులుతుంది, క్యామ్‌లని లాక్ చేసే పిన్నులు లేని షెడ్డులో చచ్చినా విప్పనివ్వకు.