ఒక్కడి దగ్గరే దొరికే విమాన విడిభాగం: చెప్పిన ధర ఇచ్చుకోవలసిందేనా?

మండపేట మిల్లరు:

దాళ్వా ధాన్యం ఆడిస్తున్న రోజుల్లో మా మిల్లులో బియ్యంలో రంగు గింజలు ఏరే సార్టెక్స్ యంత్రం ఆగిపోయింది. రంగు మారిన గింజను గాలితో ఊది పక్కకు తన్నే ఎజెక్టరు పోయింది. అగ్గిపెట్టెలో పట్టే వస్తువు. కంపెనీ మనిషి చెప్పిన ధరకు పాత మోటారు సైకిలు ఒకటి వచ్చేది. ఒళ్ళు మండి, తణుకులో ఒకాయన చేత అచ్చు అలాంటిదే చేయించి బిగించాను. తొమ్మిది రోజులు బాగానే నడిచింది. పదో రోజు నుంచి మంచి బియ్యాన్ని కూడా తన్నడం మొదలుపెట్టింది. పౌరసరఫరాల వాళ్ళకు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల లెక్కన బియ్యం అప్పజెప్పాలి, గడువు ముంచుకొస్తోంది. నోరు మూసుకుని కంపెనీ అడిగినంతా ఇచ్చాను.

ఆ మంట చల్లారక ముందే అమెరికా సైన్యం సంగతి చదివాను. సీ-17 రవాణా విమానం మరుగుదొడ్డిలో పెట్టే సబ్బు డబ్బాకు బయటి ధర కంటే 80 రెట్లకు పైగా బోయింగ్‌కు చెల్లించారని వాళ్ళ రక్షణశాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024 అక్టోబరులో తేల్చారు. ఆ డబ్బాల మీదే 1,49,072 డాలర్లు ఎక్కువ పోయాయట. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు ప్రభుత్వం వాడి లెక్కల పుస్తకం తెరిపించాలా, వద్దా? తెరిపించాలని నేనంటాను. నేను అడిగితే వాడు నవ్వుతాడు. ప్రభుత్వం అడిగితే నవ్వలేడు కదా.

పాత స్టోర్స్ మనిషి:

మిల్లరు గారూ, వాయుసేన స్టోర్స్‌లో ఇరవై ఏళ్ళు చేసి వచ్చి రాజోలు దగ్గర కొబ్బరి తోట చూసుకుంటున్నవాణ్ణి. సబ్బు డబ్బా కథ రచ్చబండ మీద చెప్పుకోవడానికి బాగుంటుంది. సైనిక ప్రమాణాలకు తగ్గ భాగాన్ని, ఆ విమానంలో పెట్టడానికి అనుమతే లేని మామూలు సరుకుతో పోల్చారని బోయింగ్ జవాబిచ్చింది. సబ్బు డబ్బా వరకు ఆ మాట నాకూ మింగుడుపడదు. కానీ అసలు వాదన కొట్టిపారేసేది కాదు.

1980లలో అక్కడి సైన్యం 435 డాలర్లకు ఒక సుత్తి కొన్నదని ఇలాగే గోల జరిగింది. గుత్తేదారు పరిపాలన ఖర్చును జాబితాలోని వస్తువులన్నిటి మీదా సమానంగా పంచారు. ఇంజను భాగానికి ఎంత పడిందో సుత్తికీ అంతే పడింది. పెళ్ళి భోజనాల ఖర్చు తలకింత అని రాస్తే పాలు తాగే పిల్లవాడి పేరనా విస్తరి ఖర్చు కనిపిస్తుంది. అంతమాత్రాన వంటవాడు దొంగ కాడు.

విమానంలో చిన్న వాషరుకు కూడా ఏ లోహం, ఏ బ్యాచ్, ఎవరు పరీక్షించారు అన్న కాగితం వెంట ఉండాలి. అయిదు వాషర్లు చేసినా, అయిదు వేలు చేసినా యంత్రాన్ని సెట్ చేసే ఖర్చు ఒకటే. మనం అడిగేది ఎప్పుడూ అయిదే. కొత్తవాడి చేత చేయించాలంటే సైనిక విమానాల భద్రతకు సర్టిఫికెట్ ఇచ్చే సెమిలాక్ సంస్థ అనుమతి దాకా వెళ్ళాలి. మీ తణుకు ఎజెక్టరు పదో రోజున బియ్యం తన్నింది, సరిపోయింది. ఆకాశంలో పదో రోజు ఏమవుతుందో ఆలోచించండి.

అమలాపురం ఆడిట్:

స్టోర్స్ మాస్టారూ, సుత్తి లెక్క బాగా చెప్పారు. అయితే ట్రాన్స్‌డైమ్ అనే అమెరికా కంపెనీ కథకు మీ విస్తరి లెక్క అతకదు. విమానాల్లో వేరెవరూ చేయని భాగాలు తయారుచేసే చిన్న కంపెనీలను కొనడమే దాని వ్యాపారం. 2019 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టర్ జనరల్ దాని 47 భాగాల ధరలు పరిశీలిస్తే 46 భాగాల మీద అధిక లాభం తేలింది. లాభం 15 శాతం వరకు న్యాయమే అనుకుని, ఆ పైదే అధికమన్నారు. ఆ లెక్కలో లాభం 17 శాతం నుంచి 4,451 శాతం దాకా ఉంది. మీరు చెప్పిన పరీక్షలు, కాగితాలు, యంత్రం సెట్టింగు అన్నీ తయారీ ఖర్చులోకే వస్తాయి. అవన్నీ పోగా మిగిలినది ఇది. చట్టసభలో విచారణ జరిగాక అదే ఏడాది మే నెలలో 1.61 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. 2021 డిసెంబరులో మరో నివేదిక వచ్చింది. ఈసారి 105 భాగాల మీద 2.08 కోట్ల డాలర్ల అధిక లాభం.

మిల్లరు గారూ, ప్రభుత్వం అడిగితే నవ్వలేడన్నారు. నవ్వాడు. ఖర్చు వివరాలు అడిగిన అధికారులకు దాదాపు ప్రతిసారీ ఇచ్చేది లేదన్న జవాబే వచ్చింది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. పోటీ లేని బేరంలో అమ్మేవాడు ఖర్చు లెక్కలు ధ్రువీకరించి ఇవ్వాలని అక్కడ 1962 నుంచి చట్టం ఉంది కానీ, ఒక హద్దు దాటిన కాంట్రాక్టులకే అది వర్తిస్తుంది. ఆ హద్దు ఏడున్నర లక్షల డాలర్లు ఉండేది, 2018లో ఇరవై లక్షలు చేశారు. విడిభాగాల ఆర్డర్లు చాలావరకు చిన్నవి, హద్దు కిందనుంచి జారిపోతాయి. ఇక అధికారికి మిగిలిన దారి పాత ధరతో పోల్చి చూడడం. పాత ధరే అన్యాయమైతే దానికి దగ్గరగా ఉన్న కొత్త ధర న్యాయంగా కనిపిస్తుంది.

పాత స్టోర్స్ మనిషి:

పాత ధర దగ్గర నన్ను పట్టుకున్నారమ్మా. మేము దాన్ని ఎల్‌పీపీ, అంటే లాస్ట్ పర్చేజ్ ప్రైస్ అనేవాళ్ళం. ‘గత కొనుగోలు ధరతో పోలిస్తే పెరుగుదల సహేతుకమే’ అని నా చేత్తో ఎన్ని నోట్లు రాశానో. ఒకసారి తీరిక దొరికి సీలు అనే చిన్న విడిభాగం తాలూకు ఫైలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. అంతకు ముందటి నోటులో అదే వాక్యం. దానికి ముందుదానిలోనూ అదే. అడుగున ఉన్న మొదటి కాగితం చెదలు తినేసింది. మొదటి ధర ఎవరు ఒప్పుకున్నారో, ఏ లెక్కన ఒప్పుకున్నారో ఆ చెదలకే తెలియాలి.

ఈ వస్తువు ఒక్కరి దగ్గరే కొనాలని రాసిచ్చే ప్రొప్రయిటరీ సర్టిఫికెట్ సంగతీ అంతే. మన కేంద్ర ప్రభుత్వ 2017 నాటి ఆర్థిక నియమావళి 166వ నియమం ప్రకారం ఒక్కరి దగ్గరే కొనాలంటే, మరొకటి ఎందుకు పనికిరాదో కారణాలు రాసి సంతకం పెట్టాలి. ఆ గడిలో మేము రాసే కారణం: ‘ఇది ఫలానా కంపెనీ వస్తువు.’ అడిగిన ప్రశ్ననే జవాబుగా రాసేవాళ్ళమన్నమాట.

అయినా ఒక మాట. సరుకు అందకపోతే న్యాయమైన ధర దేనికి? మన వాయుసేన ఏఎన్-32 రవాణా విమానాలు 105 ఆధునికీకరించడానికి 2009లో ఉక్రెయిన్‌తో ఒప్పందమైంది. 2014లో అక్కడ గొడవలు మొదలయ్యాక పని చిక్కుల్లో పడింది. మన తేజస్ మార్క్ 1ఏ యుద్ధ విమానాలేమో అమెరికా ఇంజన్ల కోసం ఎదురుచూశాయి. ఒక విమానం నుంచి భాగం ఊడదీసి ఇంకోదానికి బిగించిన రోజులు నేను చూశాను. అప్పుడు మా ఆఫీసరు ఎప్పుడొస్తుంది అని అడిగేవారే తప్ప, ధర ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు.

భీమవరం ఏరేటర్లు:

ఆ తొందర చూసే కదండీ వాడు ధర చెప్పేది! మా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటరు గేరుబాక్సు రాత్రి రెండింటికి పోయినా రొయ్య చచ్చేలోగా మార్చాలి. మాకూ తొందరే. కానీ ఊళ్ళో పది కొట్లలో దొరుకుతుంది. ఒకడు ఎక్కువ చెబితే బండి పక్క కొట్టు ముందు ఆగుతుంది. నేను ఎవరి లెక్కల పుస్తకమూ తెరిపించలేదు.

కాకినాడ ఇంజనీరింగ్ విద్యార్థి:

2020 నుంచి మన రక్షణశాఖ సృజన్ పోర్టల్‌లో, ఇక్కడే చేయించాలనుకునే దిగుమతి భాగాల జాబితా పెడుతున్నారు కదా. మన చిన్న కంపెనీలు కొలతలు తీసుకుని చేయలేవా?

అమలాపురం ఆడిట్:

కొలతలు ఎవరైనా తీస్తారు బాబూ. ఏ లోహం, ఎంత వేడి, ఎంతసేపు అన్నది డ్రాయింగులో ఉంటుంది, డ్రాయింగు కంపెనీ బీరువాలో ఉంటుంది. అయిదు ముక్కల ఆర్డరుకు పరీక్షల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కొన్నేళ్ళ అవసరం ఒక్క ఆర్డరుగా కట్టి ఇస్తే ఇద్దరు ముగ్గురు ముందుకు రావచ్చు. డ్రాయింగు హక్కులు మాత్రం విమానం కొనేటప్పుడే అడగాలి. అప్పుడు అమ్మేవాడు మన గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు మనం వాడి గుమ్మంలో నిలబడాలి. హక్కులు అడిగితే మొదటి ధర పెరుగుతుంది, పేపర్లో పెద్ద అంకె పడుతుంది. అందుకే ఎవరూ అడగరు. లెక్కలు ఇవ్వాలన్న షరతు కూడా అప్పుడే రాయించుకోవాలి. ఆ షరతు లేకుండా సంతకం పెట్టి తర్వాత అధికారిని తిట్టడం నాకు నచ్చదు.

పాత స్టోర్స్ మనిషి:

ఇందులో నాకు పేచీ లేదు. కాకపోతే షరతు చూసి అమ్మేవాడే వెళ్ళిపోతే?

అమలాపురం ఆడిట్:

ఇంకొకడు పోటీలో ఉన్నంతసేపు వెళ్ళడు మాస్టారూ.

మండపేట మిల్లరు:

వచ్చే సార్వాకు కొత్త సార్టెక్స్ కొందామనుకుంటున్నాను. మీ మాటలు చదివి, ఎజెక్టర్ల ధర పదేళ్ళకు ఇప్పుడే కాగితం మీద రాసివ్వమని ఏజెంటును అడిగాను. హెడ్డాఫీసును కనుక్కుని చెబుతానన్నాడు. నాలుగు రోజులైంది. అంతకు ముందు రోజుకు రెండుసార్లు ఫోను చేసేవాడు.

పాత స్టోర్స్ మనిషి:

రెండో కంపెనీ వాణ్ణి ఆదివారం మిల్లుకు రమ్మనండి. మొదటివాడికీ అదే టైము ఇవ్వండి.