బెజ్జం నిజంగా కృష్ణమ్మే వేసిందా?

కొండకింద కుర్రాడు:
మాది బెజవాడ విద్యాధరపురం, ఇల్లు కొండను ఆనుకునే ఉంటుంది. నిన్న రాత్రి వాన వెలిశాక పెరట్లో ధన్‌మని చప్పుడు. చూస్తే బిందెంత రాయి. గోటితో గీరితే తెల్లటి సుద్ద రాలుతోంది, మధ్యమధ్య దానిమ్మ గింజల్లాంటి ఎర్ర పలుకులు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ పడి ప్రాణాలు పోయాయి కదా, ఇంట్లో అందరికీ టెన్షన్. మా నాయనమ్మ మాత్రం "కృష్ణమ్మ దారి అడిగితే బెజ్జం వేయించుకున్న కొండరా, ఓ రాయి రాలితే ఏమైంది" అని తీసిపారేస్తోంది. అటు ఇంద్రకీలాద్రి, ఇటు సీతానగరం కొండ, మధ్యలో ఏరు. ఇంత రాతిని నీళ్లు కోశాయంటే నమ్మొచ్చా? గట్టి రాయి సుద్ద ఎలా అవుతుంది?

గుంటూరు లక్ష్మి:
ముందు పెరటి వైపు గదిలో పడుకోవడం మానండి. సైన్సు తర్వాత.

బోర్ల బాబాయ్:
ఇరవై ఆరేళ్లు బోర్లు వేసే రిగ్గు మీద పనిచేశా తమ్ముడూ. ఆ రాయి పేరు ఖోండలైట్, ఎర్ర పలుకులు గార్నెట్. బోరు ఎక్కడ వేయాలో పాయింట్ పెట్టడానికొచ్చిన జియాలజిస్టు ఒకాయన చెప్పేదాకా నాకూ తెలీదు. ఒకప్పుడు అది సముద్రం అడుగున బంకమట్టి. భూమి లోతుల్లోకి దిగి వేడికీ ఒత్తిడికీ రాయి అయింది. వంద కోట్ల ఏళ్లు దాటిన సంగతి. పైకి తేలాక వాననీరు పగుళ్లలో దూరి, అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మళ్లీ మట్టి చేస్తుంది. నీ గోటికి అంటింది అదే. గార్నెట్‌లో ఇనుముంది, అది తుప్పు పట్టబట్టే కొండకు ఆ ఎరుపు.

రాయి ఇలా కుళ్లడం కూడా సమంగా కుళ్లదు. ఓసారి కొండ వాలున ఒక ప్లాటులో ఇరవై అడుగులకే హ్యామర్ మోత మారింది, రాయి. పక్క ప్లాటులో ఎనభై దాటినా సుద్దే. సుద్ద కూలకుండా బోరులో దించే కేసింగ్ పైపు డబ్బుల దగ్గర ఆ ఇంటాయన నాతో పెట్టుకున్న గొడవ ఇప్పటికీ గుర్తే! పగులు ఎటుంటే నీరు అటే తింటుంది, నేనేం చేయను?

ఏరూ అంతే. మెత్తబడిన చోటు వెతుక్కుంటుంది. నీళ్లొక్కటే కోయవు, అవి ఈడ్చుకొచ్చే ఇసుకా గులకరాళ్లూ ఆకురాయిలా అరగదీస్తాయి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, ఇంత దూరం వచ్చిన నదికి చివరి ఇరుకు ఇదే. దాటగానే నేల పల్లం, వడి తగ్గుతుంది, మోసిందంతా దించేస్తుంది. డెల్టా మొదలయ్యేది ఇక్కడే. 1855 నాటి ఆనకట్టయినా, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ అయినా ఈ ఇరుకులోనే ఎందుకు కట్టారంటావ్? తెనాలి, రేపల్లె వైపు ఇసుక, బంకమట్టి, మళ్లీ ఇసుక. అక్కడ నా రిగ్గుతో పనే లేదు, చేతిబోరు చాలు.

నాగాయలంక రైతు:
దించేది ఇదివరకు బాబాయ్. ఇప్పుడు ఒండ్రు చాలామటుకు శ్రీశైలం, సాగర్ వెనకే ఆగిపోతోంది. మా వైపు సముద్రమే ఒడ్డును కోసుకుపోతోంది.

బోర్ల బాబాయ్:
నిజమే. తమ్ముడూ, పెరటి కోసం కొండ పాదం ఏమన్నా చెక్కించారా?

కొండకింద కుర్రాడు:
బాత్రూం కోసం నాన్న నాలుగడుగులు చెక్కించారు.

బోర్ల బాబాయ్:
అనుకున్నా. వాన వెలిసి రెండు రోజులైనా ఆ చెక్కిన చోట నీళ్లు ఊరుతున్నాయేమో చూడు. ఊరుతుంటే ఈ వానాకాలం నాయనమ్మను తీసుకుని చుట్టాలింటికి పోండి.