అబ్బీ, ప్రయరీ, ఫ్రయరీ: మూడింటికీ 'మఠం' ఒక్కటే సరిపోతుందా?

లీడ్స్ నుంచి:

అందరికీ నమస్కారం. ఒక అనువాదం దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

మేముండేది ఇంగ్లండ్‌లోని యార్క్‌షర్‌లో. వేసవి గడపడానికి అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. మొదటి ఆదివారం వాళ్లని ఊళ్లోనే ఎయిర్ నది ఒడ్డున ఉన్న కర్క్‌స్టాల్ అబ్బీకి తీసుకెళ్లాను. పైకప్పు పోయి, నల్లబడిన రాతిగోడలు మాత్రం నిలబడి ఉన్న చోటది. నాన్న చుట్టూ తిరిగి చూసి "ఇది గుడా, కోటా?" అని అడిగారు. రెండూ కాదన్నాను. మరేమిటంటే నా దగ్గర మాట లేదు. "పాత చర్చిలాంటిది" అనేశాను. అది సరైన జవాబు కాదని అన్న మరుక్షణమే తెలుసు. అక్కడ చర్చి ఒక భాగం మాత్రమే. పడుకునే గది, వంటిల్లు, భోజనశాల, రోగుల గది అన్నీ ఉన్నాయి. 1152 నుంచి దాదాపు 400 ఏళ్లు మనుషులు అక్కడ బతికారు, చనిపోయారు.

వచ్చే నెల ఇక్కడి తెలుగు కుటుంబాలం కొందరం రిపన్ దగ్గరున్న ఫౌంటెన్స్ అబ్బీకి వెళ్తున్నాం. చాలామంది ఇళ్లలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లున్నారు. వాళ్ల కోసం తెలుగులో రెండు పేజీలు రాస్తానని ఒప్పుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగింది.

ఇంగ్లీషులో ఈ ఇళ్లకు రకానికో పేరుంది. వాటి వేళ్లు వెతికితే నాకు చాలా ముచ్చటేసింది, ఎందుకంటే సగం మాటలు చుట్టరికాలే. అబ్బట్ ఉండేది అబ్బీ. అబ్బట్ అంటే తండ్రి. అరమాయిక్‌లో 'అబ్బా' నుంచి గ్రీకు, లాటిన్ మీదుగా వచ్చింది. (మన పాత తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే. ఇద్దరికీ బంధుత్వం ఉందని మాత్రం అనకండి, పసిపిల్లల నోట అమ్మ, అబ్బ అన్ని చోట్లా పుడతాయి.) ఫ్రయర్ అంటే సోదరుడు, ఫ్రెంచి 'ఫ్రేర్' నుంచి. నన్ అన్న మాట లాటిన్ 'నొన్నా' నుంచి వచ్చింది, పెద్ద వయసు ఆడమనిషిని గౌరవంగా పిలిచే మాట, మన 'అవ్వ' లాంటిది. ప్రయర్ అంటే ముందు నిలిచేవాడు. అబ్బట్ ఉన్న చోట అతని తర్వాతివాడు, అబ్బట్ లేని చోట అతనే పెద్ద. అలాంటి చోటు ప్రయరీ.

ఇన్నిటికీ 'మఠం' అని రాసేస్తే ఈ తేడాలన్నీ పోతాయి. రాయకపోతే చదివే పెద్దవాళ్లకి ఏమీ అర్థం కాదు. ఏం చెయ్యమంటారు?

హనుమకొండ నుంచి:

అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు? "క్రైస్తవ సన్యాసుల మఠం" అని రాయండి, అందరికీ తెలుస్తది. పేరు ఉన్న చోట ఫౌంటెన్స్ అబ్బీ అని అట్లనే ఉంచండి.

విశాఖ నుంచి:

నేనైతే మఠం కంటే 'ఆరామం' లేదా 'విహారం' అంటాను. బావికొండ, తొట్లకొండ చూసినవాళ్లకి ఆ కట్టడం వెంటనే కళ్లకు కడుతుంది: నడుమ ఖాళీ స్థలం, చుట్టూ గదులు, ఒక పక్క భోజనశాల. మీరు పెట్టిన ఫొటో చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

లీడ్స్ నుంచి:

తమ్ముడూ, పేర్లను అలాగే ఉంచడం మంచి మాట, అది పాటిస్తాను. కానీ 'సన్యాసి' దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది.

మన సన్యాసి ఇల్లు వదిలి తిరిగేవాడు. పరివ్రాజకుడు అన్న మాటలోనే నడక ఉంది. ఒక ఊళ్లో ఎక్కువ రోజులు ఉండకూడదు, చాతుర్మాస్యంలో తప్ప. ఫౌంటెన్స్‌లో, కర్క్‌స్టాల్‌లో ఉన్నవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లు పాటించింది ఆరో శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి. అందులో 73 అధ్యాయాలున్నాయి. ఆ దారిలో చేరేవాడు చేసే ప్రమాణాల్లో ఒకటి స్థిరత్వం: చేరిన ఇంటిని చచ్చేదాకా వదలను అని. మొదటి అధ్యాయంలోనే బెనెడిక్ట్ నాలుగు రకాల మంక్‌ల గురించి చెప్పి, చోటు చోటుకీ తిరుగుతూ మూడు నాలుగు రోజులు ఒక్కో చోట అతిథిగా గడిపేవాళ్లను అందరికన్నా హీనులంటాడు. మనం గౌరవించే తిరుగుడే ఆయనకి తప్పు. అలాంటివాళ్లని 'సన్యాసులు' అంటే మా పెద్దవాళ్ల మనసులో కాషాయం, కమండలం, కాలినడక మెదులుతాయి. అసలు సంగతి తలకిందులవుతుంది.

'మఠవాసి' అంటే ఎలా ఉంటుంది? మఠంలో వసించేవాడు. ఉండిపోవడం ఆ మాటలోనే ఉంది.

విశాఖ మేడమ్ గారూ, కట్టడం పోలిక నిజమే, చాలా బాగుంది. కానీ ఆ నడిమి చోటుకి నాకు ఇంకా దగ్గరి మాట దొరికింది. ఇంగ్లీషులో క్లాయిస్టర్ అంటారు: నాలుగు వైపులా కప్పున్న వరండా, మధ్యలో ఆకాశం కనిపించే పచ్చిక. అమ్మ కర్క్‌స్టాల్‌లో అక్కడ నిలబడి "మా అమ్మమ్మ వాళ్ల మండువా లాగా ఉంది" అంది. మండువా లోగిలి! నేను ఏ నిఘంటువులోనూ వెతకని మాట. అదే రాస్తాను.

ఫిరంగిపురం దగ్గరి నుంచి:

బాబూ, మీరంతా కొత్త మాటలు కట్టే ముందు, వందల ఏళ్లుగా తెలుగులో ఈ విషయాలే మాట్లాడుకునే క్యాథలిక్కులం మేమున్నాం. మమ్మల్ని అడగండి. మా వాడుకలో నన్‌ను మఠకన్య అంటాం, కన్యాస్త్రీ అని కూడా. ప్రీస్ట్ గురువు, సెయింట్ పునీతుడు, డయోసీస్ మేత్రాసనం. మీ 'మఠవాసి' కూడా మా చర్చి పుస్తకాల్లో ఉన్న మాటే. ధైర్యంగా రాసుకోండి. కాన్వెంట్ అని మాత్రం రాయకండి, మన జనానికి కాన్వెంట్ అంటే ఇంగ్లీషు మీడియం బడే!

లీడ్స్ నుంచి:

అమ్మా, చాలా సంతోషం. ముందే మిమ్మల్ని అడగాల్సింది. పునీత అని ఇందాక నేను రాసింది కూడా చిన్నప్పుడు పక్కింటివాళ్ల నోట విన్నదే.

మఠకన్య నాకు వెంటనే పనికొస్తుంది. తూర్పు తీరంలో విట్బీ ఉంది. 657లో పునీత హిల్డ్ అక్కడ మఠం పెట్టింది. ఆడవాళ్లూ మగవాళ్లూ వేరు వేరుగా ఉండే జంట మఠం, అందరి మీదా పెద్ద ఆమే. 664లో ఈస్టర్ తేదీ ఎలా లెక్కకట్టాలన్న పెద్ద వివాదం తేల్చిన సభ కూడా అక్కడే జరిగింది. ఆ మఠంలోనే పశువులు కాచే కాడ్‌మన్ ఉండేవాడు. విందులో పాట తన వంతుకొస్తుందంటే లేచి పశువుల పాకకి వెళ్లిపోయేవాడట, పాడటం రాక. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి సృష్టి గురించి పాడమన్నారు, పాడాడు. తెల్లారి హిల్డ్ అతని పాట విని మఠంలో చేర్చుకుంది. ఇంగ్లీషు కవుల్లో మనకి పేరు తెలిసిన మొదటివాడు అతనే. తొమ్మిది పంక్తులు మిగిలాయి. ఒక భాష కవిత్వం పశువుల పాక నుంచి మొదలైందన్న కథ మన పెద్దవాళ్లకి ఎంత నచ్చుతుందో నాకు తెలుసు, అందుకే ఫౌంటెన్స్ కాగితంలో విట్బీకి కూడా చోటు పెడుతున్నాను.

గుంటూరు నుంచి (రిటైరైన తెలుగు మాస్టారు):

నాయనా, మఠం అన్న మాటని మీరు తక్కువగా చూస్తున్నారేమో. అమరకోశం 'మఠశ్ఛాత్రాదినిలయః' అంటుంది. విద్యార్థులూ అలాంటివాళ్లూ నివసించే ఇల్లు. అక్కడ పూజ ప్రసక్తే లేదు, నివాసమే ముఖ్యం. ఇక మా మందడం దగ్గరి మల్కాపురం శాసనం చూడండి, 1261 నాటిది, రుద్రమదేవి కాలం. గోళకీ మఠపు విశ్వేశ్వర శివాచార్యులకిచ్చిన భూమి ఆదాయంతో గుడి, మఠం, చదువులు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. మఠం అంటే తెలుగు నేల మీద అప్పటికే ఒక పెద్ద వ్యవస్థ. మీ యార్క్‌షర్ వాళ్లకి ఆ మాట ఇరుకేమీ కాదు.

ఇంకొకటి. 'మఠం వేసుకుని కూర్చోవడం' అంటామా లేదా? కదలకుండా స్థిరంగా కూర్చోవడమే కదా. మీరు చెప్పిన ఆ స్థిరత్వం ప్రమాణం మన పలుకుబడిలో ముందే కూర్చుని ఉంది.

లీడ్స్ నుంచి:

మాస్టారూ, ఈ మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. రోజూ అనే మాటే, ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. మొదటి పోస్టులో నా సందేహం తప్పని ఒప్పుకుంటున్నాను. మఠమే సరైన మాట. తేడా చూపాల్సింది అందులో ఉన్న మనుషుల పేర్లలో.

ఒక్క ఫ్రయరీలను మాత్రం విడిగా పెడతాను. ఫ్రయర్లు ఇంగ్లండ్‌కి 1221 నుంచి వచ్చారు. పొలాల మధ్య కాదు, పట్టణాల్లో ఉండి, బోధిస్తూ, జనం ఇచ్చిన దానితో బతికారు. యార్క్ నగరంలో నాలుగు పెద్ద శాఖలవాళ్లూ ఉండేవాళ్లు. వీళ్లకి 'భిక్షువులు' అక్షరాలా సరిపోతుంది. విశాఖ మేడమ్ గారి బౌద్ధ పదం ఇక్కడ పనికొస్తోంది చూడండి.

ఇంగ్లీషు పేర్లని కూడా పూర్తిగా నమ్మలేం. బోల్టన్ అబ్బీ అనే ఊరుంది, అక్కడున్నది ప్రయరీ! యార్క్ నగరపు పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌లో మిన్‌స్టర్ అన్న మాట లాటిన్ 'మొనస్టేరియుమ్' నుంచే వచ్చింది, కానీ అది మంక్‌ల మఠం కాదు. రీవో, జెర్వో అనే రెండు మఠాల పేర్లు ఫ్రెంచి వేషం వేసుకున్న ఊరి పేర్లు: రై నది లోయ, యూర్ నది లోయ.

ఇంకో చిక్కు. సిస్టర్షియన్ మఠాలకి (బెనెడిక్ట్ నియమావళిని కఠినంగా పాటించిన శాఖ, ఫౌంటెన్స్, కర్క్‌స్టాల్, రీవో వాళ్లవే) దూరదూరాన పొలాలుండేవి, వాటిని గ్రేంజ్ అంటారు. కౌలుకివ్వకుండా మఠంవాళ్లే సాగు చేయించేవారు. చేసేది లే బ్రదర్స్. వీళ్లు కూలీలు కాదు, ప్రమాణం చేసినవాళ్లే, కాకపోతే చదువు, రోజంతా ప్రార్థన బదులు పని. రీవోలో అబ్బట్ ఎయిల్‌రెడ్ 1167లో పోయేనాటికి 140 మంది మఠవాసులు, 500 మంది ఇలాంటివాళ్లు ఉన్నారని ఆయన శిష్యుడు రాశాడు. గొర్రెల ఉన్ని మీద ఈ మఠాలు ఎంతో సంపాదించాయి. గ్రేంజ్‌కి 'మాన్యం' అనొచ్చా?

హనుమకొండ నుంచి:

మాన్యం వద్దన్నా. మాన్యం అంటే ఇచ్చిన భూమి, ఎవరు దున్నుతున్నరో ఆ మాట చెప్పదు. కమతం అనండి. మా తాత భూమి కౌలుకిస్తే కౌలు, సొంతంగ మనుషులను పెట్టి చేయిస్తే కమతం. మీరు చెప్తున్నది అచ్చం అదే.

లీడ్స్ నుంచి:

అద్భుతం తమ్ముడూ! ఇంకా బాగుంది చూడు: 1348-49 ప్లేగు తర్వాత మనుషులు చాలక ఈ పొలాలు ఎక్కువగా కౌలుకి వెళ్లిపోయాయి. కమతం కౌలైంది. నేను ఒక పేరా రాసిన సంగతి రెండు మాటల్లో అయిపోయింది. లే బ్రదర్స్‌కి 'శ్రమ సోదరులు' పెడుతున్నాను, మెరుగైనది దొరికితే మారుస్తాను.

విశాఖ నుంచి:

ఇవన్నీ ఇలా పాడుబడటానికి కారణం కూడా రాయాలి కదా? 'డిస్సల్యూషన్' అన్నదాన్ని ఏమంటారు? విధ్వంసం?

లీడ్స్ నుంచి:

విధ్వంసం అంటే దండు వచ్చి కూల్చినట్టు ఉంటుంది. ఇది కాగితం మీద జరిగింది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1536లో చట్టం చేసి, ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయమున్న మఠాలను మూయించాడు. యార్క్‌షర్ తిరగబడింది. రాబర్ట్ ఆస్క్ అనే లాయరు ముందు నిలిచాడు. 1537లో యార్క్‌లో ఉరితీశారు. జెర్వో అబ్బట్‌నీ అదే ఏడాది చంపేశారు. పెద్ద మఠాలు తర్వాత ఒక్కొక్కటే దస్తావేజు మీద సంతకం పెట్టి అప్పగించాయి. ఫౌంటెన్స్ 1539 నవంబరులో. మఠవాసులకు పింఛను ఇచ్చి పంపేశారు, కప్పు మీది సీసాన్ని ఊడదీశారు. కర్క్‌స్టాల్ చర్చి నడుమ నుంచే ఒకప్పుడు బండ్ల దారి పోయేది. ఇనాముల రద్దు, జమీందారీల రద్దు చూసిన మన పెద్దవాళ్లకి 'మఠాల రద్దు' అంటే చాలు.

ఇదీ మొదటి పేరా. చూసి చెప్పండి:

"మీరు చూస్తున్నది ఫౌంటెన్స్ అబ్బీ అనే మఠం. 1132లో యార్క్ నగరపు మఠంలో నియమాలు సడలిపోయాయని బాధపడి 13 మంది బయటికి వచ్చారు. ఆర్చిబిషప్ థర్‌స్టన్ వాళ్లకు స్కెల్ వాగు ఒడ్డున ఈ లోయలో చోటిచ్చాడు. అప్పుడిక్కడ ఇల్లు లేదు, చలికాలం చెట్ల కింద గడిపారు. పాత మఠంలో ప్రయర్‌గా ఉన్న రిచర్డ్ ఇక్కడ అబ్బట్, అంటే తండ్రి అయ్యాడు. ఈ మఠవాసులు ఊరూరా తిరిగేవాళ్లు కాదు. చేరిన చోటే చచ్చేదాకా ఉంటామని ప్రమాణం చేసినవాళ్లు. ముందు మండువాలో కాసేపు కూర్చోండి. ఇటు పక్కన కనిపించే పొడవాటి కమానుల గది సుమారు 90 మీటర్లు ఉంటుంది. అందులో కొంత సరుకుల గిడ్డంగి, కొంత శ్రమ సోదరుల భోజనశాల."

గుంటూరు నుంచి:

బాగుంది నాయనా. 'కూర్చోండి' అన్న చోట 'మఠం వేసుకుని కూర్చోండి' అని రాయి.

లీడ్స్ నుంచి:

మార్చేశాను మాస్టారూ.