వారం మెనూ ముందా, సరుకులు ముందా?

చీటీ: మెనూ ముందు, కొనడం తర్వాత. ఇదీ నా వాదన. మొదట ఫ్రిజ్, అల్మరా తెరిచి ఉన్నవి రాసుకోవాలి. ఏడు రాత్రులకీ వంట రాస్తే తప్పకుండా తప్పుతుంది; ఐదింటికి రాసి, ఆరోది మిగిలిపోయిన వంటలకి, ఏడోది ఖాళీగా వదలండి. చీటీలో పేరొక్కటే సరిపోదు, తూకం ఉండాలి. నలుగురికి ఒక పూట బియ్యం 300–400 గ్రాములు. ఉత్తినే ‘టమాటా’ అని రాస్తే ముప్పావు కిలో చాలినచోట రెండు కిలోలు సంచిలో పడతాయి.

సంచి: చీటీ గారూ, మెనూలో పాలకూర ఉంది కదా అని వాడిపోయిన కట్ట తెచ్చుకోవాలా? అసలు నష్టం ఇంకోచోట ఉంది. వంటకు కావలసింది గుప్పెడు కొత్తిమీర, అమ్మేది కట్ట. మిగతాది నాలుగో రోజుకల్లా డ్రాయర్ అడుగున నల్లగా, జిగురుగా అంటుకుపోతుంది. తాజాగా ఉన్నది కొని, వంట ఇంటికొచ్చాక తేల్చుకోవడమే మేలు.

చీటీ: అలా తెస్తే నాలుగు రకాల కూరలుంటాయి, వాటిలోకి ఉల్లిపాయ ఉండదు! రకం పేరు బదులు ‘ఏదైనా ఆకుకూర, అర కిలో’ అని రాయండి, వాడిపోయిన కట్ట గొడవ తీరుతుంది. ఇక కొత్తిమీర లాంటి త్వరగా పాడయ్యేది ఏదైనా రెండు వంటల్లో పడాలి; పడకపోతే ఆ వారం కొనొద్దు. వరుస కూడా ముఖ్యం. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, చేపలు, కోడిమాంసం. తర్వాత బీన్స్, వంకాయ. చివరికి క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి. పచ్చి మాంసం ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే. అంతకుమించి ఆగాలంటే కొన్న రోజే ఫ్రీజర్‌లోకి పోవాలి. వండే ముందురోజు రాత్రి గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి దించాలి, నీరు కారినా మిగతావాటి మీద పడదు. ఈ దించే పని కూడా మెనూలోనే రాయండి, అందరూ మరిచేది ఇదే.

తూకంరాయి: ఇద్దరూ నిల్వ సంగతి వదిలేశారు. ఆకుకూర కడిగి తడిగా పెడితే ఏ మెనూ కాపాడదు. కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. పక్కన ఆపిల్, పండిన అరటి వద్దు. వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపెక్కుతుంది. నా మటుకు నేను వారానికి రెండుసార్లు కొనడమే నయమంటాను.

సంచి: రెండుసార్లు వెళ్తే చీటీలో లేనివీ రెండుసార్లు వస్తాయి కదండీ.

తూకంరాయి: రెండోసారి పచ్చి సరుకే, చీటీలో ఐదు వరుసలు మించకుండా. అన్నట్టు చీటీ గారూ, మీ ఆరో రాత్రి లెక్క కుదరదు. వండిన కూర 4 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజులే ఆగుతుంది. సోమవారం కూర శనివారం దాకా ఎలా? అన్నం ఇంకా సున్నితం: వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికి తినేయాలి.

చీటీ: నిజమే. మిగులు రోజును గురువారానికి జరపాలి. అప్పుడు క్యాబేజీ శనివారానికి పోతుంది, దానికేం ఫర్వాలేదు.