అమ్మమ్మ సింగర్ చేతి మిషనుకు సరిపడే బల్లను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నల్లకుంట నుంచి

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ నలభై ఏళ్లకు పైగా వాడిన నల్లని సింగర్ చేతి మిషను కిందటి వేసవిలో నా దగ్గరికి వచ్చింది. మా అమ్మకూ పిన్నులకూ లంగాలు, జాకెట్లు, ఇంటికి కావలసిన తలగడ గలీబులు అన్నీ ఆవిడ దాని మీదే కుట్టారు. మిషను ఇప్పటికీ ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతోంది గాని, దాన్ని మోసే చెక్క పెట్టె అడుగు మొత్తం చెదలు తినేయగా వంపు తిరిగిన మూత ఒక్కటే మిగిలింది. ప్రస్తుతం భోజనాల బల్ల మీద దుప్పటి మడత వేసి, దానిపై మిషను పెట్టి కుడుతున్నాను. అడుగున కదిలే భాగాలు దుప్పటిని లాక్కుంటున్నాయి, ఎత్తు ఎక్కువై గంటసేపటికే భుజాలు నొప్పి పుడుతున్నాయి.

మాది రెండు గదుల ఫ్లాటు. అందుచేత పని లేనప్పుడు మిషను లోపలికి మడిచి, పైన మూత వేసుకునే బల్ల దొరికితే బాగుంటుందని ఆశ. రెండు ఆదివారాలు ఎర్రగడ్డ సంతకు వెళ్లి చూస్తే మూడు పాత కాలి మిషను స్టాండ్లు కనిపించాయి. "సింగర్ మిషను ఏదైనా సింగర్ స్టాండులో కూర్చుంటుంది" అని అమ్మే ఆయన గట్టిగా చెప్పారు. ఆ మాట నమ్మవచ్చా? లేక పొట్టు అట్టతో (రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డుతో) చేసిన కొత్త కుట్టుబల్ల కొనుక్కోవడం మేలా? మిషను మీది సంఖ్య ఈ.హెచ్. అనే అక్షరాలతో మొదలవుతోంది.

సమాధానం: సికింద్రాబాద్ నుంచి, మిషను మెకానిక్

అమ్మా, ఆ మాట నమ్మి డబ్బు ఇవ్వకండి. నేనూ, నాకు ముందు మా నాన్నగారూ ఈ పనిలోనే ఉన్నాము. సింగర్ పేరు చూసి స్టాండు కొని, ఇంటికి తెచ్చాక హెడ్డు (స్టాండు మీద కూర్చునే అసలు మిషను) అందులో కూర్చోక మళ్లీ నా దగ్గరికి వచ్చినవారిని చాలామందిని చూశాను.

మీ సంఖ్యను బట్టి అది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైన మిషను. 1885లో పని మొదలుపెట్టి 1980లో మూతపడిన ఆ కర్మాగారం ఉన్న చోటు పేరు కిల్బోవీ కాబట్టే 15కె, 99కె, 201కె అన్న మోడళ్లలో చివర "కె" అక్షరం ఉంటుంది. ఇంతవరకు తెలిసినా మీ మిషను ఏ సైజుదో సంఖ్య ఒక్కటే చూసి చెప్పలేము, బల్ల విషయంలో ముఖ్యమైనది ఆ సైజే. అడుగున ఉండే ఇనుప పలకను మేము బెడ్డు అంటాము. పూర్తి సైజు మిషన్ల బెడ్డు పొడవు 14న్నర అంగుళాలు, వెడల్పు 7 అంగుళాలు. మన టైలర్లు వాడే నల్లని ఉషా మిషన్లు కూడా సింగర్ 15 పద్ధతిలో వచ్చినవే కాబట్టి సంతలో కనిపించే స్టాండ్లలో ఎక్కువ భాగం ఈ కొలతకే కోసి ఉంటాయి. సింగర్‌లోనే ముప్పావు సైజు మిషన్లూ ఉన్నాయి. 28, 128, 99 మోడళ్లు అటువంటివి. వాటి బెడ్డు సుమారు 12 అంగుళాల పొడవు, 6న్నర అంగుళాల వెడల్పు మాత్రమే. వంపు మూత పెట్టెలో వచ్చిన చేతి మిషన్లలో ఈ చిన్నవి చాలా ఉంటాయి.

ముందు టేపుతో కొలవండి. తరువాత ఒక అట్టముక్క మీద మిషను పెట్టి బెడ్డు చుట్టూ పెన్సిలుతో గీత గీయండి, ఎందుకంటే మూలల వంపు కూడా కలవాలి. మిషను వెనక్కి వాల్చి చూస్తే బెడ్డు వెనుక అంచులో రెండు రంధ్రాలు కనిపిస్తాయి. బల్లకున్న బందుల కడ్డీలు అందులోకి దూరాలి, వాటిని అడుగు నుంచి రెండు మరలు బిగించి పట్టుకుంటాయి. ఈ రెండు రంధ్రాల మధ్య దూరాన్ని తప్పకుండా అట్ట మీద గుర్తు పెట్టుకుని, ఆ అట్టను సంతకు తీసుకువెళ్లండి. మరలు లేకపోతే, లేదా అరిగిపోయి ఉంటే, నూనె వేయడానికి వాల్చినప్పుడు పన్నెండు కిలోల ఇనుము జారి కింద పడుతుంది. అలా పడి పైనున్న ఇనుప చెయ్యి (ఆర్మ్) విరిగిన మిషను ఒకటి నా దుకాణంలో ఇప్పటికీ ఉంది.

అడుగు దారం చుట్టే బాబిన్ ఎటు ఉందో కూడా చెప్పండి. సూదికి ముందు, జారే పలక కింద పడుకున్నట్టు ఉంటే 66 లేదా 99 మోడలు. ఎడమ చివర నిలువుగా కేసులో ఉంటే 15. రెండోదానికి ఎడమవైపు చెయ్యి దూరేంత ఖాళీ వదలని బల్ల పనికిరాదు.

సమాధానం: మల్కాజిగిరి నుంచి

చెక్క గురించి నాలుగు మాటలు. పొట్టు అట్ట బల్ల దయచేసి వద్దు. అందులో బెడ్డుకు తగిన గుంట కోస్తే అంచులు పొడిపొడిగా రాలతాయి, బందుల మరలు పట్టు నిలబడదు, మిషను నుంచి కారే నూనె పీల్చుకుని ఉబ్బుతుంది. ఒక వానకాలం గడిచేసరికి మధ్యలో కుంగిపోయిన బల్లను మా ఇంట్లోనే చూశాను.

పాత స్టాండులో విలువైనది పోత ఇనుము. పైన ఉన్న పలక ఎలా ఉన్నా పరవాలేదు గాని, ఇనుప కాళ్లలో పగులు ఉందేమో వేలితో తడిమి చూడండి. పోత ఇనుమును అతికించడం మామూలు వెల్డింగు వారి వల్ల కాదు. తొక్కుడు పలకను చేత్తో ఆడిస్తే పెద్ద చక్రం అటూ ఇటూ ఊగకుండా తిరగాలి. చెక్క మీద గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మెత్తని పిండి కనిపిస్తే పుచ్చు ఇంకా తింటోందన్నమాట. ఆ చెక్కను ఇంట్లోకి తీసుకురావద్దు, మిగతా సామాను కూడా పాడవుతుంది.

మీ మిషను చిన్న సైజుదైతే, పెద్ద గుంట ఉన్న పలకకు చుట్టూ చెక్క పట్టీలు అతికించి సరిచేస్తామని కొందరు చెబుతారు. మూడు వైపులా అది కుదురుతుంది. వెనుక వైపు మాత్రం బందులను కొత్త చోటికి జరపాలి, అప్పుడు మిషను బరువంతా అతికించిన పట్టీ మీదే పడుతుంది. దానికన్నా ఇనుప స్టాండు మాత్రమే కొని, పైన కొత్త టేకు పలక చేయించుకోవడం మంచిది. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే తలుపుల టేకు దొరికితే ఇంకా మంచిది. అది ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది కనుక వంగదు.

పాలిష్ పని మిషనుకు దూరంగా చేయించండి. లక్క పాలిష్‌ను స్పిరిట్‌లో కలుపుతారు, ఆ తడి తగిలితే మిషను మీది బంగారు పూలు లేచిపోతాయి.

సమాధానం: మెహిదీపట్నం నుంచి

నాది కొంచెం వేరే అభిప్రాయం. మీ అమ్మమ్మగారు చేత్తో తిప్పిన మిషనును చేతి మిషనుగానే ఉంచితే ఏమండీ? మూత ఎలాగూ ఉంది కాబట్టి దాని కొలతకు కొత్త అడుగు పెట్టె చేయిస్తే సరిపోతుంది. మా అత్తగారి మిషనుకు అలాగే చేయించాము. అటక మీద పెట్టుకుంటాము, పని ఉన్నప్పుడు దించుకుంటాము. భుజాల నొప్పికి మామూలు బల్ల కన్నా మూడు నాలుగు అంగుళాలు తక్కువ ఎత్తున్న బల్ల చూసుకుంటే చాలు.

మళ్లీ నల్లకుంట నుంచి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కొలిచాను. బెడ్డు పొడవు 12 అంగుళాల చిల్లర, బాబిన్ సూదికి ముందు జారే పలక కింద ఉంది. అంటే ఇది 99కె. ఎర్రగడ్డలో నేను చూసిన స్టాండ్లలో ఒకదాని గుంటకు టేపు పెట్టి చూసినప్పుడు సరిగ్గా 14న్నర అంగుళాలు వచ్చిన సంగతి ఇప్పుడు గుర్తుకొస్తోంది. కొని ఉంటే రెండు అంగుళాలకు పైగా ఖాళీతో తిరిగి వచ్చేదాన్ని.

మెహిదీపట్నం వారి సలహా నా మనసుకు దగ్గరగా ఉంది. కానీ కుడి చెయ్యి పిడి తిప్పుతూ ఉంటే ఎడమ చెయ్యి ఒక్కటే బట్టను నడపాలి. పొడవైన చీర అంచులు కుట్టేటప్పుడు నాకు రెండు చేతులూ కావాలి. అందువల్ల పెట్టె అడుగు తరువాత చేయించుకోవచ్చని, ముందు ఇనుప స్టాండు మీద కొత్త పలకకే వెళ్దామని అనుకుంటున్నాను. చేతి మిషను చక్రానికి బెల్టు పడుతుందా? గుంట పలక మధ్యలో కోయించాలా?

సమాధానం: సికింద్రాబాద్ నుంచి, మిషను మెకానిక్

మధ్యలో కోయించకండమ్మా. వడ్రంగులు చేసే పెద్ద పొరపాటు అదే. కింద పెద్ద చక్రం ఉన్న చోటు మారదు కాబట్టి మిషను చక్రం మీది గాడి నిటారుగా దాని పైకే రావాలి. చిన్న మిషను పొట్టిది గనుక గుంట కుడివైపుకు జరగాలి. పలకను స్టాండు మీద ఉత్తినే పరిచి, మిషను పైన పెట్టి, గాడి నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీయండి. ఆ దారం పెద్ద చక్రం గాడిని తాకిన చోటే మిషను స్థానం. గుర్తు పెట్టాకే రంపం పట్టించండి. బెల్టుకు రెండు రంధ్రాలు పలకలో విడిగా కావాలి, ఒకటి చక్రం ముందు, ఇంకొకటి వెనుక.

చేతి పిడి ఒక్క బోల్టుతో ఊడివస్తుంది. దాన్ని బోల్టుతో సహా సొరుగులో భద్రంగా దాచండి, రేపు మళ్లీ బిగించుకోవచ్చు. చక్రానికి గాడి ఉంటే తోలు బెల్టు పడుతుంది. కొత్త తోలు మొదట్లో సాగుతుంది కాబట్టి బిగువుగా కోసి క్లిప్పు వేయండి, వదులైతే మళ్లీ కొంచెం కోయాలి. తొక్కేటప్పుడు చక్రం పైభాగం మీ వైపుకే తిరగాలి. వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది, అలవాటు పడేదాకా బట్ట లేకుండా తొక్కండి.

మడిచి లోపల పెట్టాలనుకుంటే గుంట కింద మిషను ఎత్తుకు సరిపడే లోతున్న పెట్టె కావాలి, దించిన ప్రతిసారీ బెల్టు తీయాలి. రోజూ కుట్టేవారికి అది విసుగు. మీ దగ్గరున్న వంపు మూత పలక మీద కూర్చుంటుందేమో చూడండి. కూర్చుంటే మిషనును పైనే ఉంచి మూత వేసుకోవచ్చు.

మళ్లీ నల్లకుంట నుంచి

జుమేరాత్ బజారులో పలక లేని ఇనుప స్టాండు దొరికింది. తొక్కుడు పలక, పెద్ద చక్రం బాగున్నాయి, కాళ్లలో పగులు లేదు. పాత తలుపు టేకుతో పలక చేయడానికి మా వీధి వడ్రంగి ఒప్పుకున్నారు. దారానికి బరువు కట్టి చూస్తే గుంట, పలక మధ్య నుంచి రెండు అంగుళాలకు పైగా కుడివైపుకు వచ్చింది. అమ్మమ్మ మూత పలక మీద చక్కగా కూర్చుంటోంది, పలకకు తాళం ముక్క కూడా బిగించమని చెప్పాను. తాళంచెవి అమ్మ దగ్గర ఉంది.