తళ్లికోటతోనే విజయనగరం అయిపోయిందా?

తుంగభద్ర తీరం:
పోయిన వారం హంపీ వెళ్లొచ్చాను. విఠ్ఠలాలయంలో రాతిరథం ముందు నిలబడితే మనసు అదోలా అయిపోయింది. గైడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. 1565 జనవరి 23, దక్కను సుల్తానులతో తళ్లికోట యుద్ధం. చక్రవర్తి పేరున విజయనగరాన్ని నడిపిస్తున్న రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో ఫిరాయించారు, రాయల తల తెగింది, సామ్రాజ్యం సరి. నా లెక్కా అదే. ఆ ఒక్క పూట ద్రోహం జరక్కపోతే కథ వేరే ఉండేది. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
ముందు తళ్లికోట అనడం మానండి. అది సుల్తానుల సేనలు కూడిన ఊరు. యుద్ధం అక్కడికి చాలా దూరంలో, కృష్ణ ఒడ్డున జరిగింది. రాక్షసి తంగడి యుద్ధం అనాలి. నేను డిగ్రీ పరీక్షలో ఇదే రాస్తే రెండు మార్కులు కోశారు. ఆ రెండు మార్కులతో ఫస్టు క్లాసు పోయింది.

పెనుకొండోడు:
అన్నా, సామ్రాజ్యం సరి అంటివి. మరి మా ఊరు ఏందప్పా? రామరాయల తమ్ముడు తిరుమలరాయలు చక్రవర్తి సదాశివరాయల్ని, ఖజానాను ఎత్తుకొని వచ్చింది యాడికి? పెనుకొండకే కదా. ఈడే ఆరవీటి వంశం గద్దెనెక్కింది. బిజాపూరోళ్లు వచ్చినా, గోల్కొండోళ్లు వచ్చినా అప్పట్లో కోట దక్కలే. తిరుమలరాయల కొడుకు వెంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా ఏలినాడు. రాజధాని చంద్రగిరికి పోయింది, తర్వాత వేలూరికి. మొత్తం ఎనభై ఏళ్లు దాటె. అనంతపురం నుంచి లేపాక్షి పోయేవాళ్లంతా మా ఊర్లో టీ తాగుతారు, గగన్ మహల్ యాడుందని ఒక్కడూ అడగడు. మా చుట్టాలే అడగరు, ఇంక మీరేం అడుగుతారు.

కాఫీ గ్లాసు:
మళ్లీ మొదలైందిరా బాబూ.

తుంగభద్ర తీరం:
తమ్ముడూ, పేరుకి రాజులుంటే సామ్రాజ్యం ఉన్నట్టేనా? హంపీ లేని విజయనగరం ఏం విజయనగరం? ద్రోహం సంగతి మాట్లాడండి.

చింతచిగురు:
ద్రోహం మాట కల్పన కాదు. యుద్ధమైన రెండేళ్లకు, 1567లో, ఫెడరీచి అనే వెనిస్ వర్తకుడు విజయనగరం వచ్చి ఏడు నెలలున్నాడు. ఇద్దరు సేనానులు తిరగబడ్డారని అతనే రాశాడు. కానీ అదే పెద్దమనిషి ఇంకో రెండు ముక్కలు కూడా రాశాడు, అవి గైడ్లు చెప్పరు. ఊరు పూర్తిగా నేలమట్టం కాలేదట. ఇళ్లు నిలబడే ఉన్నాయి, మనుషులే లేరు, పులులు తిరుగుతున్నాయి. తిరుమలరాయలు మళ్లీ ఊరు నిలబెట్టాలని చూశాడు. గుర్రాలు తెండి, యుద్ధంలో పోయినవాటికి కూడా డబ్బిస్తానని వర్తకులకు కబురు పెట్టాడు. పాపం నమ్మి తెచ్చారు. గుర్రాలు లాక్కుని పైసా ఇవ్వకుండా పంపేశాడు. అశ్వదళం మీద నిలబడ్డ రాజ్యం అది. ఇక గోవా నుంచి గుర్రాన్ని ఎవడు తోలుకొస్తాడండీ?

బిల్లు రావాలి:
నాకు మూడేళ్లుగా ఓ ఆఫీసు బిల్లు ఇవ్వట్లేదు. తిరుమలరాయలు ఇంకా బతికే ఉన్నాడు.

చింతచిగురు:
ఇంకోటి. ఇబ్రహీం కుతుబ్ షా, మన తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడిన ఆయన, గోల్కొండ గద్దెకు ముందు ఏడేళ్లు రామరాయల నీడన తలదాచుకున్నాడు. బిజాపూరు అలీ ఆదిల్ షాని రాయల భార్య కొడుకులా చూసుకుంది. ఆ ఇద్దరూ 1565లో అవతలి వైపే నిలబడ్డారు. ఎందుకంటే రామరాయలు ఏళ్ల తరబడి ఇవాళ ఒక సుల్తానుతో కలిసి ఇంకొకర్ని కొట్టడం, రేపు తిరగేయడం. చివరికి అందరూ ఏకమయ్యారు. ఆయన సొంత చక్రవర్తి సదాశివుణ్నే బందీ చేసి ఏడాదికోసారి జనానికి చూపించేవాడంటారు. ద్రోహం ఎక్కడ మొదలుపెట్టి లెక్కిద్దాం?

తుంగభద్ర తీరం:
అంటే తప్పంతా మనదే, తల నరికినవాళ్లు బుద్ధిమంతులు. అసలు మీరు ఎటు వైపండీ?

చింతచిగురు:
విఠ్ఠలాలయం పాడైంది, విరూపాక్షంలో ఇవాళ్టికీ పూజ జరుగుతోంది. ఎందుకలా అని గైడుని అడగాల్సింది. ఎటు వైపని నన్నడుగుతున్నారు.

రిటైర్డ్ మాస్టారు:
తంగడి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. ఇద్దరూ ఒకసారి మ్యాపు చూడండి.

పెనుకొండోడు:
మాస్టారూ, మ్యాపు పక్కన పెట్టండి సార్. అన్నా, నువ్వు 1565 దగ్గరే ఎందుకు ఆగినావో నేను చెప్తా. ఆడ చంపినోడు బయటోడు. తర్వాత జరిగింది చెప్పాలంటే నోరు రాదు. 1614లో వెంకటపతిరాయలు పోయినాక ఆయన వారసుణ్ని పెండ్లాం బిడ్డలతో సహా చంపించింది గోల్కొండ కాదు, సొంత కొలువులోని జగ్గరాయలు. ఒక్క పిల్లోడు మిగిలినాడు, వాణ్ని రాయల పక్షాన నిలబడిన యాచమనాయుడు చాకలి చేత బట్టల మాటున కోట దాటించినాడు. తర్వాత తోపూరు కాడ కొట్లాట. రాయల కింద సీమలేలే నాయకుల్లో మదురై, జింజి వాళ్లు జగ్గరాయల వైపు, తంజావూరు రఘునాథ నాయకుడు యాచముని వైపు. అందరూ రాయల ఉప్పు తిన్నోళ్లే. సామ్రాజ్యాన్ని ముక్కలు చేసింది ఆ కొట్లాట. పేరుకి రాజులంటివే, 1639లో మద్రాసు నేల ఇంగ్లీషోళ్లకు రాసిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు ఎవురి కింద ఉండె? చంద్రగిరి రాయల కిందే.

కాఫీ గ్లాసు:
చాకలి సంగతి నాకు తెలీదు. ఆయన పేరేంటి?

పెనుకొండోడు:
పేరు ఎవుడు రాసినాడప్పా.

తుంగభద్ర తీరం:
సరే, ఒప్పుకుంటా, 1614 సంగతి నాకు తెలియంది కాదు. మా ఊళ్లో మా తాతల మేడ పోయింది. వడ్డీవాడు లాక్కున్నాడని చిన్నప్పట్నుంచీ చెప్పుకుంటాం. మా నాన్న, చిన్నాన్న కోర్టుకెక్కి ఇరవై ఏళ్లు అప్పులు చేశారని ఎవరం అనం. రాతిరథం ముందు నిలబడి జగ్గరాయలు అనుకుంటే ఏడుపు రాదు తమ్ముడూ, సిగ్గొస్తుంది. అయినా ఒకటి. ఆ రోజు ఓడిపోకపోతే ఈ నాయకులకి అంత ధైర్యం వచ్చేదా? అది మాత్రం నేను వదలను.

చింతచిగురు:
అది అడగాల్సిన ప్రశ్నే. 1565 దెబ్బ చిన్నదని నేనూ అనలేదు. కానీ నాయకుల చేతిలో సొంత సైన్యం, సొంత శిస్తు ముందునుంచీ ఉన్నాయి. ధైర్యం కొత్తగా రావక్కర్లేదు, భయం పోతే చాలు.

తుంగభద్ర తీరం:
అదే కదా నేనంటున్నది! భయం పోయింది ఆ రోజునే!

పెనుకొండోడు:
పోయుంటే మదురై, తంజావూరు వెంకటపతిరాయలకు కప్పం ఎందుకు కట్టినాయి? బలవంతంగానే అనుకో, కట్టినాయి కదా. మళ్లీ మొదటికొచ్చినావు. ఈసారి వచ్చేటప్పుడు మా ఊర్లో దిగన్నా, టీ నేను పోయిస్తా.

తుంగభద్ర తీరం:
దిగుతా. పెనుకొండ కొండపైకి మెట్లున్నాయా, మోకాళ్ల నొప్పులు నాకు.

రిటైర్డ్ మాస్టారు:
పెనుకొండ కాదు, ఘనగిరి. ఆ రోజుల్లో అలానే రాసేవారు.